పొట్లం విప్పే పనిముట్లు

భాగవతాన్ని తెలుగు చేసిన పోతన పేరు మీకు తెలుసు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర ఆయన ఊరుగా ప్రసిద్ధి. ఆ కవి పేరు ఇప్పుడు కంప్యూటరు లోపల కూడా ఉన్నదని మీకు తెలుసా? “పోతన 2000” అన్నది ఒక ఫాంటు. అనగా తెలుగు అక్షరాలు తెరమీదా కాగితంమీదా ఏ ఆకారంలో కనిపించాలో చెప్పే ఫైలు. దీనిని తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించారు. “వేమన 2000” అనే మరొక ఫాంటు కూడా ఆయనదే.

మీ బడిలోని కంప్యూటరులోకి ఈ ఫాంటును తెచ్చుకోవాలనుకోండి. ఆ కంప్యూటరులో ఉన్నది డెబియన్ అనే గ్నూ లినక్సు వ్యవస్థ అనుకుందాం. విండోస్ లాగే ఇదీ కంప్యూటరును నడిపించే వ్యవస్థ. దీనిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ ఇటువంటి సాఫ్టువేరును తెలుగువారికి దగ్గర చేయడానికే పనిచేస్తున్నది. పిల్లల కోసం “బాల స్వేచ్ఛ”ను కూడా ఆ సంస్థ తయారుచేసింది.

మీరు ఒక వరుస టైపు చేసి ఎంటర్ నొక్కుతారు. తెరమీద పది పదిహేను వరుసలు చకచకా కదులుతాయి. కాసేపటిలో ఫాంటు సిద్ధం! మీకు ఇది ఒకే పనిలా కనిపిస్తుంది. నిజానికి ఆ కొద్ది సేపటిలో అరడజను చిన్న ప్రోగ్రాములు ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయి. వాటిలో ఒక్కటి లేకపోయినా, ఉండి కూడా కనబడకపోయినా పని ఆగిపోయేది. ఆ చిన్న ప్రోగ్రాముల సంగతే ఈ నెల తెలుసుకుందాం.

పొట్లంలో ఏముంది?

సాఫ్టువేరును ఇన్‌స్టాల్ చేయడానికి వీలుగా కట్టి ఉంచిన ఫైలును ప్యాకేజి అంటారు. మనం దానిని పొట్లం అందాం. కిరాణా కొట్టు పొట్లంలో సరుకు మాత్రమే ఉంటుంది. ఈ పొట్లంలో సరుకుతోపాటు ఒక చీటీ కూడా ఉంటుంది.

డెబియన్ పొట్లాన్ని విప్పి చూస్తే లోపల మూడు వస్తువులు కనిపిస్తాయి. మొదటిది చాలా చిన్న ఫైలు. అందులో 2.0 అని మాత్రమే రాసి ఉంటుంది. అది పొట్లం కట్టిన పద్ధతి సంఖ్య. రెండవది చీటీల మూట. పొట్లం పేరేమిటి, ఇది పనిచేయాలంటే ఇంకా ఏ పొట్లాలు ఉండాలి, సరుకు దించిన తర్వాత ఏమేమి చేయాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. మూడవది అసలు సరుకు మూట. ఫాంటు ఫైళ్ళు ఉండేది అందులోనే.

పై పొట్లాన్ని కట్టే పద్ధతి పేరు ఏఆర్. లోపలి రెండు మూటలను కట్టే పద్ధతి పేరు టార్. ఆ మూటలను నొక్కి చిన్నవి చేసే పద్ధతులు జీజిప్, ఎక్స్‌జెడ్ వంటివి. పరుపులోని దూదిని అదిమి కట్టినట్లుగా ఇవి సమాచారాన్ని కుదిస్తాయి. పరుపు కుదిరినా దూది పోదు. అలాగే ఇక్కడ కూడా ఒక్క అక్షరం పోదు. విప్పగానే మొత్తం యథాతథంగా తిరిగి వస్తుంది.

ఈ పేర్లలో కొన్ని చాలా పాతవి. యూనిక్స్ అనే వ్యవస్థను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టారు. ఏఆర్ యూనిక్సు తొలినాళ్ళ నుంచీ ఉంది. టార్ 1979లో వచ్చిన ఏడవ యూనిక్సు కూర్పుతో వెలువడింది. టేప్ ఆర్కైవ్ అన్న మాటలను కుదిస్తే టార్ అయింది. ఆ రోజుల్లో ఫైళ్ళను అయస్కాంతపు టేపులమీద దాచేవారు. ఇప్పుడు మీ బడిలో ఆ టేపులు కనబడవు. కాని వాటికోసం పుట్టిన పనిముట్టు మాత్రం మీ కంప్యూటరులో రోజూ పనిచేస్తూనే ఉంది.

ఒక్కొక్కరికి ఒక్కొక్క పని

జనగామకు దగ్గరలోనే పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పనికి దేశమంతటా పేరున్నది. రేకును లక్కమీద అమర్చి, సుత్తితోనూ రకరకాల ఉలులతోనూ కొట్టి బొమ్మలు తేలుస్తారు. గీత గీసే ఉలి వేరు, లోతు తీసే ఉలి వేరు. అన్ని పనులూ చేసే ఒకే ఉలి ఉండదు.

యూనిక్సును తయారుచేసినవారి ఆలోచన కూడా ఇదే. ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క పని చేయాలి, దానిని బాగా చేయాలి. పెద్ద పని వచ్చినప్పుడు చిన్నవాటిని కలిపి వాడుకోవాలి. ఈ చిన్న ప్రోగ్రాములకు బొమ్మలు, బొత్తాములు ఉండవు. టెర్మినలు అనే నల్లని తెరమీద పేరు టైపు చేసి వాటిని పిలవాలి. అందుకే వాటిని కమాండ్‌లైన్ పనిముట్లు అంటారు. వాటిని మనుషులే కాదు, ఇతర ప్రోగ్రాములు కూడా పేరు పెట్టి పిలుస్తాయి. ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం ఇదే.

డెబియన్‌లో స్థాపన పనిని ఇద్దరు పంచుకుంటారు. ఒకరి పేరు ఆప్ట్, రెండవవారి పేరు డీపీకేజీ.

ఆప్ట్ పని దారి చూడటం. భూపాలపల్లికి వెళ్ళాలనుకోండి. జనగామలోని మనిషి రైలెక్కి కాజీపేటలో దిగుతాడు. మహబూబాబాదు మనిషి వరంగల్లులో దిగుతాడు. అక్కడినుంచి ఇద్దరూ పరకాల మీదుగా పోయే బస్సు పట్టుకోవాలి. “భూపాలపల్లికి పోవాలి” అన్నది ఒక్క మాటే. కాని ఎక్కడ ఏది ఎక్కాలో ముందే తెలిసి ఉండాలి. ఆప్ట్ కూడా ఇలాగే మీరు అడిగిన పొట్లం చీటీ చదువుతుంది, దానికి అవసరమైన మిగతా పొట్లాలేవో తెలుసుకుంటుంది, ఏది ముందు ఏది వెనక అన్న వరుస నిర్ణయిస్తుంది. తర్వాత అన్నింటినీ ఇంటర్నెట్ ద్వారా తెస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తెలుగు ఫాంట్లన్నీ కావాలని డెబియన్‌ను అడిగితే ముందుగా వచ్చే పొట్లంలో ఒక్క అక్షరం కూడా ఉండదు! ఏయే ఫాంట్ల పొట్లాలు తేవాలో చెప్పే చీటీ మాత్రమే ఉంటుంది. పోతన, వేమన వేరే పొట్లంలో వస్తాయి.

పొట్లాలు చేరిన తర్వాత అసలు శ్రమ డీపీకేజీది. అది కూడా ఒంటరిగా చేయదు. పైకట్టు విప్పడానికి డీపీకేజీ-డెబ్ అనే తోడును పిలుస్తుంది. అది చీటీల మూట విప్పడానికి టార్‌ను పిలుస్తుంది. చీటీలో రాసిన పనులు జరిపించడానికి ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము కావాలి. అక్కరలేనివి తుడిచివేయడానికి ఆర్ఎం, పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడా చూపడానికి డిఫ్ కావాలి. కొత్తగా వచ్చిన ఉమ్మడి కోడ్ ఫైళ్ళను జాబితాకెక్కించడానికి ఎల్‌డీకాన్ఫిగ్, తెరవెనుక నడిచే సేవలను ఆపి మొదలుపెట్టడానికి స్టార్ట్-స్టాప్-డీమన్ కావాలి. ఫాంటు విషయంలో చివరగా ఎఫ్‌సీ-క్యాష్ అనే పనిముట్టు వచ్చి కొత్త ఫాంటు పేరును జాబితాలో చేర్చుతుంది.

మూడు ఊళ్ళు, మూడు కంప్యూటర్లు

ఇప్పుడు ఊహలో ఒక ప్రయోగం చేద్దాం. జనగామలో ఒక కంప్యూటరు, మహబూబాబాదులో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి ఉన్నాయనుకోండి. మూడింటిలోనూ డెబియనే ఉంది.

జనగామ కంప్యూటరుకు ఇంటర్నెట్ ఉన్నది, పనిముట్లన్నీ ఉన్నాయి. ఆప్ట్‌కు ఒక్క వరుస చెప్పగానే పోతన ఫాంటు వచ్చి కూర్చుంది. ఇక్కడ చిక్కేమీ లేదు.

మహబూబాబాదు కంప్యూటరులో ఉన్నది డెబియన్ 11. ఇంటర్నెట్ లేదు. ఒక విద్యార్థి తనకు కావలసిన ప్రోగ్రాము పొట్లాన్ని మిత్రుని కంప్యూటరు నుంచి పెన్‌డ్రైవులో తెచ్చాడు. ఆ మిత్రునిది ఉబుంటు. ఉబుంటు కూడా డెబియన్ నుంచి పుట్టినదే. పొట్లం పేరు చివర ఉండే గుర్తు కూడా ఒకటే. అయినా డీపీకేజీ దానిని విప్పలేకపోయింది. “ఈ కుదింపు పద్ధతి నాకు తెలియదు, వదిలేస్తున్నాను” అని చెప్పి ఆగిపోయింది.

ఎందుకు? 2021 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 21.10 నుంచి ఆ వ్యవస్థలో పొట్లాలను జెడ్‌స్టాండర్డ్ అనే కొత్త పద్ధతిలో కుదించడం మొదలైంది. ఈ పద్ధతిని యాన్ కొలే అనే ఇంజనీరు రూపొందించాడు. దీనితో పొట్లాలు త్వరగా విచ్చుకుంటాయి. కాని డెబియన్ 11లోని డీపీకేజీకి ఆ పద్ధతి తెలియదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లోని డీపీకేజీ దానిని నేర్చుకుంది. కనుక పొట్లం మంచిదే, కంప్యూటరు కూడా మంచిదే. పొట్లం కట్టిన పద్ధతికి సరిపోయే పనిముట్టు ఇక్కడ లేదు, అంతే. తన వ్యవస్థ కోసం కట్టిన పొట్లాన్నే తెచ్చుకోవడం దీనికి సరైన మందు.

భూపాలపల్లి కంప్యూటరు కథ ఇంకా వింతగా ఉంటుంది. అక్కడ సరైన పొట్లం ఉంది. అన్ని పనిముట్లూ ఉన్నాయి. అయినా డీపీకేజీ ఇలా అంటున్నది: “ఎల్‌డీకాన్ఫిగ్ కనబడలేదు. స్టార్ట్-స్టాప్-డీమన్ కనబడలేదు. ఉండవలసిన ప్రోగ్రాములు రెండు లేవు.”

ఉన్నవాటిని లేవంటుందేమిటి? పనిముట్టు పేరు చెప్పగానే కంప్యూటరు తనలోని లక్షల ఫైళ్ళనూ వెదకదు. అలా వెదికితే ఏ పనీ త్వరగా జరగదు. ఏయే అరలలో వెదకాలో ఒక జాబితా ఉంటుంది. దాని పేరు పాత్, అంటే దారి. మామూలు పనిముట్లు బిన్ అనే అరలో ఉంటాయి. వ్యవస్థను సరిచేసే అధికారి మాత్రమే వాడవలసినవి ఎస్‌బిన్ అనే అరలో ఉంటాయి. డెబియన్‌లో మామూలు వాడుకరి జాబితాలో ఎస్‌బిన్ ఉండదు. అధికారి జాబితాలో ఉంటుంది.

మామూలు వాడుకరి అధికారిగా మారడానికి ఎస్‌యూ అనే ఆజ్ఞ ఉంది. 2019 జులై 6న విడుదలైన డెబియన్ 10లో పాత ఎస్‌యూ స్థానంలో వేరొక ఎస్‌యూ వచ్చింది. దానితో నడవడిక మారింది. ఒట్టి ఎస్‌యూ అని టైపు చేస్తే అధికారం వస్తుంది కాని, జాబితా మాత్రం పాత వాడుకరిదే మిగులుతుంది. ఎస్‌యూ తర్వాత కాస్త ఖాళీ వదిలి ఒక అడ్డగీత పెడితే అధికారం, అధికారి జాబితా రెండూ వస్తాయి. ఒక్క చిన్న అడ్డగీత! అది తెలియక ఎంతోమంది కంప్యూటరు చెడిపోయిందని తికమకపడ్డారు.

మరొక సంగతి గమనించండి. ఈ రెండు ఊళ్ళలోనూ డీపీకేజీ అనుమానం రాగానే ఆగిపోయింది. కావలసిన పనిముట్లు అందుబాటులో ఉన్నాయో లేదో సరుకు దించకముందే చూసుకుంది. ఇది మంచి అలవాటు. సగం దించిన తర్వాత పనిముట్టు లేదని తెలిస్తే పాతదీ పోతుంది, కొత్తదీ రాదు. డీపీకేజీ చూపిన ఆ వరుసలు తిట్లు కావు, ఏది లేదో పేరుతో సహా చెప్పే చీటీలు. చాలామంది ఎర్ర అక్షరాలు చూడగానే కంగారుపడి కిటికీ మూసేస్తారు. మీరు అలా చేయకండి. “కనబడలేదు” అన్న మాట పక్కన ఏ పేరుందో చదవండి. ఆ పనిముట్టు నిజంగా లేదా, ఉండి కనబడటం లేదా అని రెండు ప్రశ్నలు వేసుకోండి. సగం చిక్కు అక్కడే వీడుతుంది.

ఇతర చోట్ల కూడా ఇంతే

ఇది డెబియన్‌కు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. పైథాన్ భాష నేర్చుకునేవారు పొట్లాలను తెచ్చుకోవడానికి పిప్ అనే ప్రోగ్రామును వాడుతారు. గిట్ భాండారంలోని పొట్లాన్ని నేరుగా తెమ్మని పిప్‌కు చెబితే, అది గిట్ అనే మరొక పనిముట్టును పిలుస్తుంది. గిట్ లేకపోతే పిప్ ముందుకు కదలదు.

కొన్ని పొట్లాలలో తయారైన ప్రోగ్రాము బదులు, మనుషులు రాసిన మూలం మాత్రమే ఉంటుంది. దానిని యంత్రభాషలోకి మార్చడానికి జీసీసీ వంటి కంపైలరు కావాలి. ఏ ఫైలును ముందు మార్చాలో, ఏది మారలేదు కనుక వదిలేయవచ్చో చూసుకోవడానికి మేక్ అనే పనిముట్టు కావాలి. మేక్‌ను 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేశాడు. ఇది బియ్యం కొనుక్కుని ఇంట్లో వండుకోవడం వంటిది. పొయ్యి, గిన్నె మన దగ్గర ఉండాలి. వండిన అన్నం తెచ్చుకుంటే వాటితో పని లేదు.

మీ ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనులో ఆప్‌లు వచ్చేది కూడా పొట్లాలుగానే. ఆ పొట్లం జిప్ అనే పద్ధతిలో కట్టి ఉంటుంది. అక్కడ నల్లని తెర కనబడదు కాబట్టి ఎవరు విప్పుతున్నారో మనకు తెలియదు. పని మాత్రం జరుగుతూనే ఉంటుంది.

పనిముట్టులోనే విషం కలిస్తే?

ఇంతవరకు పనిముట్టు లేకపోతే ఏమవుతుందో చూశాము. పనిముట్టు ఉండి, అదే నమ్మదగనిదైతే? ఈ ప్రశ్న 2024లో నిజంగానే వచ్చింది.

పొట్లాలను కుదించే ఎక్స్‌జెడ్ గురించి పైన చెప్పుకున్నాము. దానిని ఏళ్ళ తరబడి ప్రధానంగా ఒకే వ్యక్తి, ఫిన్లాండు దేశానికి చెందిన లాసే కోలిన్, తన తీరిక సమయంలో చూసుకుంటూ వచ్చాడు. ప్రపంచమంతటా అసంఖ్యాకమైన కంప్యూటర్లలో ఆ పనిముట్టు ఉంది. 2021 నుంచి “జియా టాన్” అనే పేరుతో ఎవరో ఇంటర్నెట్ ద్వారా సాయం చేయడం మొదలుపెట్టారు. ఆ వెనుక ఉన్నది ఎవరో నేటికీ బయటపడలేదు. రెండేళ్ళకు పైగా మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. కొత్త కూర్పులు విడుదల చేసే అధికారం కూడా వారికి దక్కింది. తర్వాత 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 కూర్పులోనూ, మార్చిలో వచ్చిన 5.6.1 కూర్పులోనూ ఒక దొంగదారి పెట్టారు. దూరాన ఉన్న కంప్యూటరులోకి ప్రవేశించే ద్వారాన్ని దాని ద్వారా రహస్యంగా తెరవవచ్చు.

ఆ విషాన్ని దాచిన తీరు చూడండి. పరీక్షల కోసం ఉంచినట్లు కనిపించే ఫైళ్ళలో దానిని కుదించి పెట్టారు. ఎక్స్‌జెడ్‌ను పొట్లంగా కట్టే సమయంలోనే అది బయటికి వచ్చేలా ఏర్పాటు చేశారు. బయటికి తీయడానికి వాడినవి హెడ్, టీఆర్ వంటి మామూలు పనిముట్లు, ఆ ఎక్స్‌జెడే! అందరూ నమ్మే పనిముట్లను వాడి, అందరూ నమ్మే పనిముట్టునే పాడుచేశారన్నమాట.

దీనిని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన వేరే పరీక్షలు చేసుకుంటున్నాడు. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి మామూలుకంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నట్లు గమనించాడు. మనమైతే పోనీలే అనుకునేవాళ్ళం. ఆయన ఎందుకని అడిగాడు. వెదుక్కుంటూ పోయి ఎక్స్‌జెడ్ దగ్గర తేలాడు. 2024 మార్చి 29న ఆ సంగతి అందరికీ ప్రకటించాడు. అప్పటికి విషపు కూర్పు ఇంకా పరీక్షల దశలో ఉన్న వ్యవస్థలకే ప్రధానంగా చేరింది. డెబియన్ స్థిర కూర్పుకు చేరలేదు. కొన్ని నెలలు ఆలస్యమై ఉంటే ఎన్నో దేశాల కంప్యూటర్లకు ముప్పు వచ్చేది.

ఎక్స్‌జెడ్ మూలం అందరికీ తెరిచి ఉండబట్టే ఆయన లోపలికి చూడగలిగాడు. అయితే తెరిచి ఉంటే చాలదు, చూసేవారు కూడా ఉండాలి. అంతమంది ఆధారపడిన పనిముట్టు బరువును ఒక్క మనిషి మోయవలసి రావడమే అసలు బలహీనత. ఈ చిన్న పనిముట్లను కనిపెట్టుకుని ఉండేవారు ఇంకా ఎందరో కావాలి. జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో చదువుతున్న మీలో కొందరు ఆ పని ఎందుకు చేయకూడదు? దానికి కావలసినవి ఒక కంప్యూటరు, చదివే ఓపిక, ఎందుకని అడిగే అలవాటు.

మీరూ చేసి చూడండి

డెబియన్ గాని ఉబుంటు గాని ఉన్న కంప్యూటరు అందుబాటులో ఉంటే, ఉపాధ్యాయుల అనుమతితో టెర్మినలు తెరవండి. ఆజ్ఞలను ఆంగ్ల అక్షరాలలో, చిన్న బడిలోనే టైపు చేయాలి.

1. విచ్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, టార్ అని రాసి ఎంటర్ నొక్కండి. టార్ ఏ అరలో ఉందో చెబుతుంది. తర్వాత టార్ స్థానంలో జీజిప్, ఎక్స్‌జెడ్, గిట్, జీసీసీ, మేక్ పేర్లు ఒక్కొక్కటిగా ఇవ్వండి. జవాబు రానివి ఏవో రాసుకోండి. అవి మీ కంప్యూటరులో లేవు, లేదా జాబితాలోని అరలలో లేవు.

2. ఎకో అని టైపు చేసి, ఖాళీ వదిలి, డాలరు గుర్తును, దానికి ఆనుకుని పెద్ద అక్షరాలలో పాత్ అన్న మాటను రాయండి. వెదికే అరల జాబితా మొత్తం కనబడుతుంది. అందులో ఎస్‌బిన్ ఉందా?

3. ఒక పొట్లాన్ని ఖాళీ ఫోల్డరులోకి తెచ్చుకుని, ఏఆర్ పనిముట్టుకు టీ అనే అక్షరం, పొట్లం పేరు ఇవ్వండి. లోపలి మూడు వస్తువుల పేర్లు వస్తాయి. ఏఆర్ లేదని జవాబు వస్తే నిరాశపడకండి. ఏ పొట్లంలో అది దొరుకుతుందో వెదకండి. బిన్‌యుటిల్స్ అన్న పేరు మీకు తోడ్పడుతుంది.

మూడవ ప్రయోగంలో వచ్చిన పేర్ల చివరి అక్షరాలను జాగ్రత్తగా చూడండి. మీ పొట్లాన్ని జీజిప్‌తో కుదించారా, ఎక్స్‌జెడ్‌తోనా, జెడ్‌స్టాండర్డ్‌తోనా? దానిని బట్టి ఆ పొట్లం మన మహబూబాబాదు కంప్యూటరులో విచ్చుకుంటుందో లేదో మీరే చెప్పగలరు.